మూడు బొట్టుబిళ్లలు

మా కారులో దీపాలు వెలిగిన రోజున నేను మొట్టమొదట చేసిన పని, వెలుగుతున్నాయని ఎవరికీ చెప్పకపోవడం.

చెబితే మా ఆవిడ వింటుంది. ఆవిడ వింటే హైదరాబాదులో వున్న మావాడు వింటాడు. వాడు వింటే "ఆ డొక్కుబండి అమ్మిపారెయ్యండి నాన్నా" అంటాడు. ఈ మాట వాడు రెండేళ్లుగా అంటూనే వున్నాడు. వాడి చేతికి కొత్త సాక్ష్యం అందించడం నాకిష్టం లేదు.

మాది జంపని. తెనాలి నుంచి రేపల్లె పోయే రోడ్డు మీదా వుంటుంది, రైలు దారిలోనూ వుంటుంది. ఇంకేం, రెండు విధాలా సుఖమే గదా అంటారు మీరు. రైలు దాని టైముకి వస్తుంది గానీ మా ఆవిడ మోకాలి టైముకి రాదు. బస్సు వస్తుంది గానీ దాని మెట్టు, ఆపరేషనయిన మోకాలికి తిరుమల కొండ మొదటి మెట్టులా కనిపిస్తుంది. వారానికి రెండుసార్లు తెనాలిలో కాలికి వ్యాయామం చేయించాలి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేం బాపట్ల జిల్లాలోకి వచ్చాం, తెనాలి గుంటూరు జిల్లాలోనే వుండిపోయింది. కాబట్టి మా ఆవిడ కాలు చాపి ముడవాలంటే జిల్లా దాటాలి. దాటించేది ఆ కారే. అది 2012 నాటి బండి. నేను రిటైరయిన లెక్కల మాస్టర్ని. ఇద్దరం ఒకరికొకరం సాయంగా నడుస్తున్నాం.

అవి మినుము నూర్పిళ్ల రోజులు. మా వైపు వరికోతలకి ముందే చేలో మినుములు చల్లేస్తారు. మాఘ ఫాల్గుణాల్లో ఆ పంట చేతికొస్తుంది. ఇదివరకు కళ్లం చేసి, పశువులతో తొక్కించేవారు. ఇప్పుడు తారురోడ్డే కళ్లం, దారినపోయే బళ్లే ఎడ్లు. పీకిన మినపమొక్కల్ని రోడ్డు మీద జానెడు మందాన పరిచి, పక్కన చెట్టు నీడన కూచుంటారు. వాటి మీద నుంచి పోతే రైతుకి పుణ్యం, మనకి చక్రాల కింద పటపటమని చప్పుడు. ఆ రోజు అలా ఓ అరమైలు పుణ్యం చేసుకుని ఇంటికొచ్చేసరికి నా ఎదుట రెండు పసుపు దీపాలు వెలుగుతున్నాయి.

ఒకదాంట్లో గుండ్రటి గీత మధ్య ఏబీఎస్ అని మూడు ఇంగ్లీషక్షరాలు. రెండోది ఓ కారు బొమ్మ, దాని వెనక పాములు పాకినట్టు రెండు వంకర గీతలు. కార్తీక మాసం వెళ్లి చాలా రోజులయింది, ఈ దీపాలేమిటి చెప్మా అనుకున్నాను.

మర్నాడు ఓ షెడ్డుకి తీసికెళ్లాను. ఎక్కడని అడక్కండి. అక్కడి మెకానిక్కు స్టీరింగు కింద ఓ పెట్టె తగిలించి, ఏదో నొక్కాడు. దీపాలు ఆరిపోయాయి. అయిదొందలు తీసుకున్నాడు. నేను సంతోషంగా ఇంటికి బయల్దేరాను. మా వూరి మొదట్లోకి వచ్చేసరికి దీపాలు మళ్లీ వెలిగాయి. వెనక్కి తిప్పి తీసికెళ్లాను.

"ఏం కాదు మాస్టారూ! అది సెన్సారు గొడవ. బ్రేకు పడుతోందా?"

"పడుతోంది."

"మరింకేం? దీపం వున్నా బండి ఆగుతుంది. కళ్లు మూసుకుని తిప్పుకోండి."

ఆ మాట సగం నిజం. పూర్తిగా అబద్ధమయితే నేను నమ్మేవాణ్ణి కాదు. సగం నిజం కనక గట్టిగా నమ్మేశాను. కళ్లు నేను మూసుకోవడం దేనికి, దీపాల కళ్లే మూసేస్తే పోలా అనిపించింది. మా ఆవిడ మొహం కడుక్కునేటప్పుడు తీసి అద్దానికంటించే బొట్టుబిళ్లలుంటాయి గదా, వాటిల్లోంచి రెండు వొలుచుకొచ్చి ఆ రెండు దీపాల మీదా అంటించాను. కొలిచి చేసినట్టు సరిపోయాయి.

ఓ రెండు వారాలు హాయిగా గడిచాయి. తర్వాత కాలవ మలుపు దగ్గర ఇంకోటి, ఎర్రది, మిణుకుమంది. గుండ్రటి గీత మధ్యలో ఆశ్చర్యార్థకం. మలుపు తిరగ్గానే ఆరిపోయింది. ఇంకో మలుపులో మళ్లీ వెలిగి, మళ్లీ ఆరింది. ఇది కూడా ఆ రెండింటి చుట్టమే అయివుంటుంది, పలకరించడానికి వచ్చి పోతోందనుకున్నాను. ఎరుపు కనక కాస్త పెద్ద బిళ్ల ఏరి అంటించాను. లెక్కల మాస్టరన్నవాడు మూడు దీపాలకీ కారణం ఒకటేనని ఏ ఆధారంతో తేల్చాడని అడిగారా, నా దగ్గర జవాబు లేదు. బళ్లో పిల్లాడెవడయినా అలా చేస్తే గోడకుర్చీ వేయించి వుండేవాణ్ణి.

ఆ గురువారం తెనాలి నుంచి తిరిగొస్తున్నాం. పక్క సీట్లో మా ఆవిడ. ఒళ్లో మందుల సంచి. నలభైకి మించి పోవడం లేదు. రోడ్డు మీద మినపకట్టె పరిచే వుంది. ఎడమ పక్కనుంచి ఓ గేదె తాపీగా రోడ్డెక్కి, మా దారికి అడ్డంగా నిలబడి, మావైపు చూసింది.

బ్రేకు మీద నిలబడ్డాను. చక్రాలు బిగుసుకుపోయాయి. కారు ఆగలేదు. స్టీరింగు కుడికి తిప్పాను. కారు తిరగలేదు. తడిబండ మీద పీట జారినట్టు, ఆ మినపకట్టె మీద తిన్నగా గేదెకేసి జారిపోతోంది. నేను తిప్పుతున్న స్టీరింగుకీ, పోతున్న కారుకీ ఏ సంబంధమూ లేదు. ఆ క్షణం ఎంతసేపుందో చెప్పలేను. భయానికి చెప్పు జారిందో, ఒకప్పుడు అంబాసిడరు మీద నేర్చిన పాత అలవాటే కాలికి గుర్తొచ్చిందో గానీ, బ్రేకు మీద కాలు తేలిపోయింది. చక్రాలు తిరిగాయి. తిరగ్గానే కారు స్టీరింగు మాట విని ఒక్క ఊపున కుడికి మళ్లింది. గేదె తోక అద్దానికి తగిలింది. కాలవగట్టు అంచున ఆగాం. కింద నీళ్లున్నాయి.

గేదె నెమరు ఆపలేదు. మా ఆవిడ నోరు మెదపలేదు. ఇంటికొచ్చేదాకా ఇద్దరం ఒక్క మాటయినా అనుకోలేదు. కారు దిగబోతూ ఆవిడ వంగి నా కాళ్లదగ్గర నుంచి ఏదో తీసింది. ఎండకి జిగురు కరిగి వూడిపడ్డ పెద్ద బొట్టుబిళ్ల. తలెత్తి చూసింది. ఎర్రదీపం మొహాన వెలుగుతోంది. దాని పక్కన ఇంకో రెండు బిళ్లలు బుద్ధిగా అంటుకుని వున్నాయి.

"అద్దం మీద బిళ్లలు తగ్గుతున్నాయేమిటా అనుకుంటున్నా" అంది.

నేనేమీ అనలేదు.

"నేను బొట్టు పెట్టుకునేది మీరు నాలుగు కాలాలపాటు వుండాలని. మీరు దాన్ని దేనికి వాడారో చూడండి."

కోపంగా అంటే ఏదో ఒకటి ఎదురు చెప్పేవాణ్ణి. మెల్లిగా అంది. చెయ్యి వణుకుతోంది. ఆ మిగిలిన రెండూ కూడా తనే వొలిచి చీర చెంగుకి అంటించుకుని లోపలికి వెళ్లిపోయింది. కాస్సేపటికి లోపల్నుంచి ఫోన్లో మాటలు వినిపించాయి. నా దగ్గర ఏడో తరగతి చదివి, లెక్కల్లో ఎప్పుడూ బొటాబొటీ మార్కులు తెచ్చుకున్న కుర్రాడొకడు ఇప్పుడు తెనాలిలో కార్లు బాగుచేస్తాడు. నాకు గుర్తుకు రాని ఆ కుర్రాడు ఆవిడకి గుర్తొచ్చాడు. ఫోను నా చేతికిచ్చింది.

ఇహ చూడండి, పాఠం తిరగబడింది. ప్రశ్నలు వాడివి, నీళ్లు నమలడం నాది.

"ఏ దీపం ముందొచ్చింది మాస్టారూ? మూడూ ఒకేసారా?"

"పసుపువి రెండూ ఒకేసారి. ఎర్రది రెండు వారాలకి."

"పసుపువి వెలిగిన రోజు బండి దేనిమీద నుంచయినా పోయిందా?"

"మినపకట్టె మీద నుంచి."

"ఆహా. ఎర్రది ఎప్పుడూ వెలుగుతుందా, మలుపుల్లోనా?"

"మొదట మలుపుల్లోనే. ఇప్పుడు ఆరడం లేదు."

"హ్యాండు బ్రేకు పూర్తిగా దింపే వుందా? సరే. అమ్మగార్ని బ్రేకు తొక్కమని మీరు వెనక్కెళ్లి చూడండి, ఎర్ర లైట్లు వెలుగుతున్నాయా?"

మా ఆవిడ జీవితంలో మొదటిసారి డ్రైవరు సీట్లో కూచుని, మంచి కాలితో బ్రేకు తొక్కింది. వెనక లైట్లు వెలిగాయి. ఆ సంగతి చెప్పాను.

"అయితే పెడలు దగ్గర స్విచ్చి బాగానే వుంది. అది పాడయినా ఆ జారే కారు బొమ్మ వెలుగుతుందండీ. ఇహ బండి తియ్యకండి. ఎర్రది, ఏబీఎస్సూ కలిసి వెలిగాక బండి కదపకూడదు. నేనే వస్తా."

సాయంత్రం మోటారు సైకిలు మీద వచ్చాడు. వస్తూనే పెట్టె తగిలిస్తాడనుకున్నాను. తగిలించలేదు. ముందు బానెట్టు ఎత్తి, బ్రేకాయిలు డబ్బా మీద టార్చి వేశాడు. ఆయిలు కింది గీతకన్నా దిగువనుంది. రంగు కాఫీ డికాక్షనులా వుంది.

"కారిపోయిందా?" అన్నాను.

"అదే చూడాలి. కారకపోయినా తగ్గుతుంది మాస్టారూ" అని ఓ ముందు చక్రం వూడదీసి చూపించాడు. బ్రేకు పళ్లేన్ని రెండు పక్కలా నొక్కే ప్యాడ్లు, కొత్తవయితే ఇంచుమించు పది మిల్లీమీటర్ల మందం వుంటాయట. మావి రెండుకి వచ్చాయి. ప్యాడు అరిగిన కొద్దీ దాన్ని నెట్టే పిస్టను ముందుకి జరుగుతుంది. దాని వెనక ఖాళీ అయిన చోటు నింపడానికి డబ్బాలో ఆయిలు దిగుతుంది. డబ్బాలో ఓ బెండులాంటిది తేలుతూ వుంటుంది. మలుపులో ఆయిలు ఓ పక్కకి వొరగగానే అది కిందికి తగిలి దీపం వెలుగుతుంది. నేను చుట్టపుచూపనుకున్నది అదన్నమాట. వెనక చక్రాల్లో సిలిండర్లు కూడా విప్పి తడి లేదని చూసుకున్నాకే కారలేదని తేల్చాడు.

"మరి కాస్త ఆయిలు పోసేస్తే దీపం ఆరిపోయేదిగా?"

"ఆరేది. ప్యాడ్లు మాత్రం ఇనుముకి ఇనుము తగిలేదాకా అరిగేవి. పైగా తర్వాత కొత్త ప్యాడ్లు వేసినప్పుడు పిస్టను వెనక్కి నెడితే ఆయిలు పొంగి రంగు తినేస్తుంది. ఎందుకు తగ్గిందో తెలుసుకోకుండా పొయ్యకూడదు మాస్టారూ."

ఆయిలు మార్చి ఎన్నాళ్లయిందని అడిగాడు. మారుస్తారని నాకు తెలిస్తేగా! ఆ నూనె గాల్లో చెమ్మని పీల్చుకుంటుందట. డాట్ నాలుగు రకం కొత్తగా వున్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. చెమ్మ పట్టాక 155 డిగ్రీలకే మరిగిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు. బుడగ నొక్కితే అణిగిపోతుంది గానీ బ్రేకుని నెట్టదు. అందుకని రెండేళ్లకోసారి మార్చాలట. కాలవల మధ్య బతికే వూరు మాది, ఇక్కడి గాలికి చెమ్మ కరువా!

ఎర్రదీపం సంగతి అలా తేలాక అప్పుడు తీశాడు పెట్టె. ఎడమ ముందు చక్రం సెన్సారు పలకడం లేదని చూపించింది.

"అంటే సెన్సారు పోయినట్టేగా?"

"ఇది వీధి పేరు చెబుతుంది మాస్టారూ, ఇంటి నెంబరు చెప్పదు. సెన్సారు పోవచ్చు, వైరు తెగొచ్చు, ప్లగ్గులో నీళ్లు దూరొచ్చు, లోపల తిరిగే చక్రానికి పళ్లు విరగొచ్చు. అన్నింటికీ ఇది చెప్పే మాట ఒకటే."

ఇక్కడ మీకో ముక్క చెప్పాలి. నాలుగు చక్రాల దగ్గరా నాలుగు సెన్సార్లుంటాయి. ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో క్షణక్షణం లోపలి కంప్యూటరుకి చెబుతుంటాయి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఏ చక్రమయినా బిగుసుకుపోబోతే, కంప్యూటరు ఆ ఒక్కదానికీ పట్టు సడలించి, మళ్లీ బిగించి, సెకనుకి చాలాసార్లు అలా చేస్తుంది. అంబాసిడరు రోజుల్లో మనం కాలితో దబదబా చేసిన పనే. చక్రం తిరుగుతుంటేనే స్టీరింగుకి విలువ. ఒక్క చక్రం కబురు అందకపోయినా కంప్యూటరు 'నావల్ల కాదు' అని తప్పుకుని దీపం వెలిగిస్తుంది. అప్పుడు మామూలు బ్రేకు వుంటుంది, ఆ సాయం వుండదు. షెడ్డులో విన్న సగం నిజంలో మిగతా సగం ఇదీ. ఆ సాయం వున్నా అలాంటి కట్టె మీద కారు ఆగడానికి ఎక్కువ దూరమే పట్టొచ్చు. కానీ తిప్పిన వైపు తిరిగేది.

ఈ ఏబీఎస్సుని ఎలక్ట్రానిక్ పద్ధతిలో 1978లో జర్మనీలో పెద్ద కార్లకి పెట్టారు. జారకుండా పట్టుకునే రెండోది, ఆ పాముగీతల బొమ్మది, 1995లో వచ్చింది. అదీ పెద్దవాళ్ల కార్లకే. 1997లో స్వీడన్లో ఓ పత్రికవాళ్లు, రోడ్డుకి దుప్పి అడ్డమొస్తే ఎలా తప్పించుకుంటుందో చూద్దామని ఓ పేరున్న కంపెనీ కొత్త చిన్నకారుని గబుక్కున పక్కకి తిప్పి చూశారు. అది తిరగబడింది. ఆ తర్వాత ఆ చిన్నకారుకీ ఈ ఏర్పాటు చేయక తప్పలేదు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ వుండాలని నిబంధన పెట్టారు. వాళ్లకి దుప్పి, మాకు గేదె. పరీక్ష ఒకటే. వాళ్లు కావాలని పెట్టుకున్నారు, నేను బొట్టుబిళ్లలంటించి పెట్టుకున్నాను.

కుర్రాడు కారు కిందికి దూరి, కాస్సేపటికి "ఇదుగోండి మాస్టారూ మీ పుణ్యం" అని నవ్వాడు. ఎడమ చక్రాన్ని తిప్పే ఇనప కడ్డీకి మినపతీగలు తలపాగాలా చుట్టుకుని వున్నాయి. ఆ చుట్టుకోవడంలో పక్కనుంచి పోయే సెన్సారు వైరుని క్లిప్పులోంచి లాగేశాయి. పైకి వైరు నిక్షేపంగా వుంది. లోపల రాగితీగ తెగింది. తోలు బాగానే వుంది, నరం తెగింది. అలా చుట్టుకున్న ఎండుకట్టె వేడి గొట్టానికి తగిలితే అంటుకుని కార్లు తగలబడతాయని కూడా చెప్పాడు. మా ఆవిడ వినకుండా చెబితే బావుండేది.

తెగినచోట అతుకు వెయ్యరాదా అన్నాను. చక్రంతో పాటు ఎగిరే వైరుకి, నీళ్లూ బురదా తగిలే చోట, అతుకు నిలవదన్నాడు. మర్నాడు కొత్త సెన్సారూ, ప్యాడ్లూ, ఆయిలూ తెచ్చి వేశాడు. పాత ప్యాడ్లూ అవీ సంచీలో వేసుకుంటుంటే దేనికన్నాను. తెనాలి శిల్పులు పాతబళ్ల ఇనపముక్కలతో పెద్దపెద్ద విగ్రహాలు చేస్తారు గదా, అక్కడ పనికొస్తాయన్నాడు. "మాస్టార్ని కూడా అడుగుతారేమో కనుక్కో" అంది మా ఆవిడ. రెండు రోజుల తర్వాత ఆవిడ వేళాకోళమాడడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తాళం తిప్పాను. మూడు దీపాలూ వెలిగాయి. గుండె జారింది.

"వెలగాలి మాస్టారూ. తాళం తిప్పగానే ప్రతి దీపమూ ఒకసారి వెలగాలి. వెలగలేదంటే ఎవరో బల్బు పీకేసినట్టు. పాత బండి కొనేటప్పుడు ముందు చూడాల్సింది అదే."

ఎర్రది ఆరింది. పసుపువి ఆరలేదు. "కాస్త నడపండి" అన్నాడు. వీధి చివరిదాకా పోయాను. చక్రాలు తిరిగి నాలుగు కబుర్లూ సరిగ్గా అందాక, ఇరవై వేగం దాటుతుంటే, ఒకటీ, దాని వెంట రెండోదీ ఆరిపోయాయి. పెట్టెలో చూస్తే నాలుగు చక్రాలకీ ఒకే అంకె. డబ్బు లెక్కకట్టి ఇచ్చాను. నా లెక్కలో వంద ఎక్కువొచ్చిందని వాడే తిరిగిచ్చాడు. ఏడో తరగతిలో నేను వేసిన మార్కులు సరిచేసుకోవాల్సిన రోజొచ్చింది.

ఆ రాత్రి మావాడికి నేనే ఫోను చేసి అంతా చెప్పాను. గేదె దగ్గర్నుంచి బొట్టుబిళ్లల దాకా, దాచకుండా. అమ్మెయ్యమంటాడని సిద్ధంగానే వున్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

"దీపం వెలిగినరోజే చెప్పొచ్చుగా నాన్నా" అన్నాడు.

"చెబితే అమ్మెయ్యమంటావని."

"అనేవాణ్ణే" అన్నాడు. మళ్లీ కాస్సేపాగి, "ఇంకోసారి అననులే. మీరు చెప్పడం మాత్రం మానకండి" అన్నాడు.

ఇప్పుడు సోమవారం, గురువారం మా ప్రయాణం మామూలే. మినపకట్టె కనిపిస్తే పక్కనుంచి పోతున్నాను. తప్పనప్పుడు నెమ్మదిగా పోయి, ఇంటికి రాగానే కింద వంగి చూస్తున్నాను. ఒక్కటి మాత్రం కొత్తగా వచ్చింది. మా ఆవిడ కారెక్కగానే మందుల సంచి ఒళ్లో పెట్టుకుని నావైపు వొంగుతుంది. నేను తాళం తిప్పుతాను. వీధి మలుపుదాకా దీపాల మీద నుంచి చూపు తిప్పదు. లెక్కపెట్టుకుంటుంది.

"మూడూ ఆరాయి. ఇహ పోనివ్వండి" అంటుంది.